కోడిపెట్ట బండ

భార్య ఎర్మీనియా పోయాక ఎలాదియో బండిని వెనక్కి నడపడం మానేశాడు. ఏ తీరానికి వెళ్లినా ముందుకే పోనిచ్చి, ఇసుక అంచున ఇంజను ఆపి అక్కడే ఉండిపోతాడు. పడక ఉన్నది బండి వెనక భాగంలో. అందుకని పొద్దున్నే కిటికీ తెరిస్తే కనిపించేది సముద్రం కాదు, రోడ్డు, దాని మీద పోయే కొబ్బరికాయల లారీలు.

“సముద్రాన్ని స్టీరింగుకి చూపించి, నాకేమో లారీలు చూపిస్తావేం బావా?” అంది కసీల్దా. “ఇంతదూరం వచ్చింది టైర్లు చూడ్డానికా?”

“పడక నీకిచ్చానుగా. ఇంకేం కావాలి?”

“పడకిచ్చాడట! రాజ్యమిచ్చినట్టు.”

కసీల్దా ఎర్మీనియా చెల్లెలు. ఈ ఏడు బావ ఒంటరిగా బయలుదేరుతుంటే, “నువ్వు వండుకోవు, ఎవరైనా పెట్టినా తినవు” అని తిట్టి, సంచి సర్దుకుని తనూ బండెక్కింది.

ఆ బండి ఒకప్పుడు రొట్టెలు పంచే వ్యాను. పని నుంచి విరమించాక ఎలాదియో దాన్ని కొని, పడక, పొయ్యిబల్ల, అలమరలు తానే చేసి బిగించాడు. ఎక్కడ ఆగినా బండిని వెనక్కి తిప్పి, పడక కిటికీని సముద్రానికి ఎదురుగా పెట్టడం వాళ్ల అలవాటు. ఎర్మీనియా వెనకాల నిలబడి రేకు మీద అరచేత్తో తట్టేది. తడుతున్నంతసేపూ రావచ్చు. రెండుసార్లు గట్టిగా చరిస్తే ఆగాలి. అతను అద్దాల్లోకి చూసేవాడే కాదు. కొబ్బరిచెట్ల మధ్య నుంచి, ఒడ్డున పెట్టిన పడవల మధ్య నుంచి, ఒకసారి పెళ్లిపందిరి గుంజల పక్క నుంచి కూడా ఆ చప్పుడును నమ్ముకునే వచ్చేశాడు. ఆమె ఉంగరం తగిలి తగిలి ఆ చోట రంగు పెచ్చులు లేచింది. ఉప్పుగాలికి ఆ పెచ్చులు తుప్పు చుక్కలయ్యాయి.

వాళ్లు ప్రతి చలికాలం తిరిగింది ఒక తీరం కోసం. పెళ్లయిన కొత్తలో, చేతిలో ఏమీ లేని రోజుల్లో, కొబ్బరికాయల లారీ ఎక్కి వెళ్లి ఒక ఒడ్డున దిగారు. నీళ్లలో గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టలా ఒక బండ. ఇసుకను చేత్తో తవ్వితే మంచినీళ్లు. కొన్ని రోజులు అక్కడే పడుకుని, చేపలు కాల్చుకు తిని తిరిగొచ్చారు. ఆ ఊరి పేరు అడగాలని ఇద్దరికీ తోచలేదు. ముసలితనం దగ్గరపడ్డాక అది మళ్లీ చూడాలని ఎర్మీనియా కోరిక. మెక్సికోలోని మిచోవకాన్ తీరమంతా ఒక్కో మలుపూ దిగి చూశారు. దొరక్కుండానే ఆమె పోయింది. ఆమె కోసం చేయగలిగింది అతనికి ఇంక అదొక్కటే మిగిలింది.

మధ్యాహ్నానికి ఆకలేస్తోందని కసీల్దా గొడవపెడితే, కొబ్బరాకుల పందిరి ఒకటి కనిపించి ఆగారు. ఎలాదియో ఆ చోటును గుర్తుపట్టాడు. అంతకుముందు ఒక చలికాలం ఎర్మీనియాతో అక్కడ ఆగాడు. పందిరి నడిపే తోమాసా పొయ్యి దగ్గర నుంచే కేకేసింది.

“ఓహో, రొట్టెల బండాయనా! ఇదేంటయ్యా, ముందుకి పెట్టావ్ బండి? ఆవిడేది? ఇంకా వెనకాల తడుతూ నిలబడిందా?”

ఎవరూ నవ్వకపోయేసరికి ఆమె చేతిలో గరిట ఆగింది.

“మా అక్క పోయిందమ్మా,” అంది కసీల్దా. “వానలకి ముందే.”

తోమాసా చేతులు తుడుచుకుంది. ఏం కావాలని అడగకుండానే వేయించిన చేప, నిమ్మకాయ ముక్కలు, గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలు తెచ్చి పెట్టింది. తనూ బల్ల చివర కూర్చుంది. ఎలాదియో రొట్టె తుంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

“కోడిపెట్టలాంటి బండ ఈ చుట్టుపక్కల ఎక్కడుందో నీకేమైనా తెలుసా తోమాసా?” అని కసీల్దాయే అడిగింది. “అది దొరికేదాకా మా బావ నన్ను ఇంటికి తీసుకెళ్లడు.”

తోమాసా ఎలాదియో వైపు చూసింది.

“అంటే, ఆవిడ నీకు చెప్పనేలేదా?”

“ఏం చెప్పాలి?”

“అదిగో, అదే.” అలల్లో ఉన్న నల్లటి గుండును చూపించింది. దాని మీద పెలికాన్ పక్షులు కూర్చుని ఉన్నాయి. “తుపానుకి తల విరిగి నీళ్లలో పడిపోయింది. మా అమ్మావాళ్లు దాన్ని కోడిపెట్టనే అనేవాళ్లు. మీ ఆవిడ ఇక్కడే కూర్చుని అడిగింది, నేను చెప్పాను. ఏడ్చింది, నవ్వింది. నువ్వు బండి కింద దూరి ఏదో బిగిస్తున్నావ్ అప్పుడు.”

“మరి నాకు...”

“చెప్పొద్దంది. ‘దొరికిందని తెలిస్తే బండి అమ్మేసి ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో ఉంటే ఈ మనిషి గోడతోనైనా మాట్లాడడు. రోడ్డు మీదైతే నాతో మాట్లాడతాడు. వెతకనీ తోమాసా’ అంది. నేను ఒట్టేశాను. ఇప్పుడు చెప్పేశాను. ఆవిడ నన్ను తిడుతుందో ఏమో.”

ఎలాదియో బండ వైపు చూశాడు. ఆ రోజు కూడా చూశాడు దాన్ని. “ఇది కాదులే, ముందుకి పోదాం” అని ఎర్మీనియాయే అంది. సాయంత్రం ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తవ్వింది. ఆ నీళ్లతోనే కాఫీ పెట్టింది. “కాఫీలో ఉప్పు పడిందా ఏమిటి?” అని అతను విసుక్కుంటే, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఎందుకంత నవ్వు అని అతను అడగలేదు.

లేచి బండెక్కాడు. ముందుకు తీసి, ఒడ్డుకు వీపు తిప్పి, వెనక గేరు వేశాడు. కొంచెం కదిలి ఆగింది బండి. మళ్లీ కొంచెం. మళ్లీ ఆగింది. ఇంజను మోగుతూనే ఉంది, అతను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

కసీల్దా కిటికీ దగ్గరికి వచ్చింది. “తట్టనా బావా?”

అతను తల అడ్డంగా ఊపాడు. మళ్లీ తనే, “తట్టు,” అన్నాడు.

ఆమె తట్టడం వేరేలా ఉంది, తొందర తొందరగా, తలుపు తీయమని కొట్టినట్టు. అయినా వచ్చాడు. రెండు చరుపులు వినగానే ఆగాడు. దిగి వెనక్కి వెళ్లి చూస్తే, కసీల్దా రేకు అంచున ఒక మూలకు ఒదిగి నిలబడి ఉంది. తుప్పు చుక్కల మీద ఆమె చెయ్యి పడలేదు.

ఎండ వాలాక అతను ఇసుక తవ్వాడు. గుంటలో మెల్లగా నీళ్లూరాయి. తేరుకునేదాకా కాచుకుని, గిన్నెలో ముంచి, పొయ్యి మీద కాఫీ పెట్టాడు. కసీల్దా ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

“ఛీ, ఉప్పు బావా! సముద్రం కలిసిపోయింది ఇందులో. పారబోస్తా ఉండు, మంచినీళ్లతో పెడతాను.”

“ఉంచు.”

మెట్టు మీద కూర్చుని కప్పు అడుగుదాకా తాగాడు. పెలికాన్లు ఒక్కొక్కటే బండ మీంచి లేచి వెళ్లిపోయాయి.

కసీల్దా గిన్నె కడిగి బోర్లించి, ప్రతి సాయంత్రం అడిగినట్టే అడిగింది. “రేపెటు బావా?”

ముందుకి అనడం అతనికి అలవాటు. ఆ సాయంత్రం ఆ మాట నోటికి రాలేదు. ఖాళీ కప్పు చేతిలో పట్టుకుని, తల లేని ఆ బండ చీకట్లో కలిసిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.