పెరటి గట్టు మీద క్యాను

"ఆ క్యాను నా కంటపడితే ఊరుకోను భారతీ. దేవుడి గది ఉన్న ఇల్లిది" అంది అత్తగారు రత్తమ్మ, మినుముల్లో రాళ్ళేరుతూ.

భారతీదేవి క్యానుని పెరట్లో బొగ్గుల బస్తా వెనక్కి నెట్టింది. ఇరవై నాలుగు గంటల మూత్రం అందులో పట్టి నందిగామ ల్యాబులో ఇవ్వాలి. మూడేళ్ళ కిందట, 2003లో, ఎన్ని మాత్రలు మింగినా బీపీ దిగకపోతే హైదరాబాదులో కిడ్నీకి పోయే రక్తనాళంలో స్టెంటు వేశారు. "ఇకనుంచి కిడ్నీని కనిపెట్టుకుని ఉండాలమ్మా" అన్నారు. పదిహేడేళ్ళుగా జగ్గయ్యపేటలో ఈ ఇంటిల్లిపాదినీ కనిపెట్టుకునే ఉంది. తన కిడ్నీ దగ్గరికొచ్చేసరికి సిగ్గేసింది.

తమ అపరాల కొట్టు గుమాస్తాలకి మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే. వాళ్ళు కూర్చునే వసారా దాటితేగాని బాత్‌రూము రాదు. మొదటిసారి క్యానుతో వెళ్తుంటే భర్త కిషోర్‌బాబు, "ఏమేవ్, తీర్థం పడుతున్నావా?" అన్నాడు. విస్తళ్ళ ముందు అందరూ నవ్వారు. అప్పట్నుంచి తెల్లవారుజామున మాత్రమే పట్టింది. పగటిది పారబోసింది. ఇదివరకటి రెండు పరీక్షలూ అలాగే ఇచ్చింది. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోవడం లేదని రిపోర్టులొచ్చాయి. "చూశావా, ఉత్త భయం" అన్నాడాయన.

మొన్న కాళ్ళు వాచాయి. రక్తంలో ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ మూడు దాటింది. నందిగామ డాక్టరు యామిని రక్తం రిపోర్టు, మూత్రం రిపోర్టు పక్కపక్కన పెట్టి, "రక్తం ఒకటి చెబుతోంది, ఇది ఇంకోటి చెబుతోంది. మొత్తం పట్టారా అమ్మా?" అంది.

"పట్టిందండీ. మా ఇంట్లో అబద్ధాలాడరు" అన్నాడు కిషోర్‌బాబు. భారతీదేవి తలూపింది. మళ్ళీ పరీక్ష రాశారు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ తలూపడమే గుర్తొచ్చి చచ్చిపోవాలనిపించింది. తన ఒంటి సంగతి తన నోటితో చెప్పుకోలేకపోయిందే!

ఇవాళ ఒంటిగంటకి వసారాలో విస్తళ్ళు వేసింది. పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ గిన్నె కింద పెట్టేసింది. బస్తా వెనక నుంచి క్యాను తీసుకుని, అందరి ముందు నుంచే బాత్‌రూముకి నడిచింది. సిగ్గేమీ పోలేదు, ముఖం మండిపోతూనే ఉంది. తిరిగొచ్చి క్యానుని భర్త విస్తరికి ఎదురుగా, పెరటి గట్టు మీద పెట్టింది.

"మగాళ్ళు తింటున్నారే!" అంది రత్తమ్మ.

"తిననివ్వండత్తయ్యా." భర్త వైపు తిరిగింది. "మీరు నవ్వారని రెండుసార్లూ సగమే పట్టానండీ. డాక్టరమ్మ దగ్గర తలూపింది అబద్ధం."

చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పప్పు అక్కడే ఉంది, వడ్డించుకోండి. నందిగామ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి నేను."