పైన నిలబడే మనిషి

మా నీటి సరఫరా శాఖలో ఏ పని ఎలా చేయాలో రాసేది నేను. మోటారు ఎలా ఆపాలి, పైపు ఎలా మూయాలి, వాల్వు గుంతలోకి ఎలా దిగాలి, ఒక్కో పనికీ ఒక పద్ధతి, ఒక్కో పద్ధతికీ ఒక కాగితం. కొత్త కాగితం అందిన రోజే, తెచ్చినవాడి కళ్ళ ముందే పాతదాన్ని చింపేయాలి. ఆ నియమం కూడా నాదే. రెండూ ఉంటే మనవాళ్ళు తమకు అనువైనదాన్ని పట్టుకుని వేలాడతారు, నాకు తెలీదా!

"కాగితంలో ఉన్నది మానొద్దు, లేనిది చేయొద్దు, నోటిమాట అసలే నమ్మొద్దు" అని శిక్షణలో చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. వినని ఒక మేస్త్రీకి మెమో కూడా ఇప్పించాను. వెనకాల నన్ను చింపులమ్మ అంటారని తెలుసు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, ఇదే శాఖలో ఫిట్టరుగా చేస్తున్న నా సొంత తమ్ముడు.

ఆ ఉదయం ఏదో ఫైలు కోసం లా సెక్షనుకు వెళ్ళాను. గుమాస్తా బల్ల మీద, టీ గ్లాసు కింద, నా కాగితం ఒకటి కనిపించింది. గుంతలోకి దిగే పద్ధతికి నేను రాసిన అనుబంధం.

"ఇదింకా ఇక్కడే ఉందేంటండీ?"

"లా ఆఫీసరు సార్ అభిప్రాయం రాయాలి కదమ్మా. సెలవులో ఉన్నారు. ఇప్పుడేం కొంపలు మునిగిపోవులెండి."

గ్లాసు పక్కకు నెట్టి కాగితం లాక్కున్నాను. పద్ధతి ఒక్క పేజీలో ఉండాలని డైరెక్టరు గారు పట్టుబట్టారు. "నవల రాస్తున్నారా మేడం?" అని వెటకారం కూడా. నాకు ఒళ్ళు మండి, కుదించి కుదించి, ఒక మాటను అనుబంధంలోకి నెట్టాను. లోపల మనిషి ఉన్నంతసేపూ పైన ఒక మనిషి నిలబడాలి, తాడు పట్టుకోవాలి, పలకరిస్తూ ఉండాలి. అదీ ఆ మాట. రెండూ కలిసే వెళ్తాయనుకున్నాను. పేజీ మాత్రం సంతకమై అన్ని డిపోలకూ చేరిపోయింది. ఆ మాట ఉన్న పాతది చింపేసి ఉంటారు. ఇవాళ్టి నుంచే అమలు.

లా సెక్షనుకు వచ్చే ముందే తమ్ముడు చేసిన ఫోన్ గుర్తొచ్చింది. "అక్కా, మార్కెట్ వెనక గుంతలో దిగుతున్నా. నీ కొత్త కాగితం ప్రకారమే, తు.చ. తప్పకుండా. సంతోషమేనా?" వెధవ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాట విన్నాడు!

వెంటనే ఫోన్ చేశాను. తమ్ముడి ఫోన్ అందుబాటులో లేదు. వాడి మేస్త్రీ ఎత్తలేదు. మార్కెట్ మా ఆఫీసు వెనకే. పరుగెత్తాను. చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. గుంతల్లో గాలి చెడి ఉంటుంది. ఒక్కోసారి వాసన కూడా రాదు. మనిషికి ఊరికే నిద్ర ముంచుకొస్తుంది, అంతే. ఇదంతా వరసగా రాసిన చెయ్యి నాదే.

గుంత మూత తీసి ఉంది. చుట్టూ ఒక్క మనిషి లేడు. తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టి ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ!"

పలుకు లేదు. లోపల టార్చి వెలుగు కదలకుండా గోడ మీద పడి ఉంది.

నిచ్చెన మీద కాలు పెట్టాను. పెట్టి ఆగిపోయాను. కాపాడటానికని వెనకే దిగినవాడూ పైకి రాడని వందమందికి చెప్పినదాన్ని. కాలు వెనక్కి తీసుకున్నాను. కింద నా తమ్ముడుండగా తీసుకున్నాను. ఆ భయం పగవాళ్ళకి కూడా వద్దు.

"పలకరా నాయనా! నీకు దండం పెడతాను, పలుకు!"

"ఏంటక్కా... అరుపులు..." వాడి నాలుక మడతపడుతోంది. "నిద్రొస్తోంది..."

"నిద్రపోయావంటే చంపేస్తాను! తాడు వేస్తున్నా, నడుముకు కట్టుకో! కట్టుకున్నావా? చెప్పరా దున్నపోతా!"

చిన్నప్పటి తిట్లన్నీ తిట్టాను. తాడు బిగిసింది. నా కేకలకు పక్క సందులోంచి మేస్త్రీ పరుగున వచ్చి అందుకున్నాడు. ఇద్దరం లాగాం. రోడ్డు మీద బోర్లా పడి, వాంతి చేసుకుని, వాడు ఊపిరి తీసుకున్నాడు. వాడి వీపు మీద కొడుతూ ఏడ్చాను.

"పైన ఎందుకు లేవయ్యా నువ్వు?" అని మేస్త్రీ మీద పడ్డాను.

అతను తల దించుకున్నాడు. నేను మెమో ఇప్పించింది ఇతనికే.

"ఎప్పుడూ ఉంటాను కదమ్మా. కొత్త కాగితంలో లేదు. లేనిది చేస్తే ఇంకో మెమో అన్నారు."

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఇవాళ అన్ని డిపోల్లోనూ గుంతలు కడుగుతున్నారు."

పక్క డిపోకు ఫోన్ చేశాను. సూపర్‌వైజరు ఎత్తాడు.

"గుంత దగ్గర పైన మనిషిని పెట్టండి, వెంటనే!"

"ఆ మాట కాగితం మీద పంపండి మేడం. నోటిమాట నమ్మొద్దన్నది మీరే కదా."

"కాగితం తగలెయ్యండి! లోపలున్నవాణ్ణి బయటికి రమ్మనండి!"

నా గొంతు విని అతనికీ భయం పట్టుకున్నట్టుంది. ఫోన్ చేతిలోనే ఉంచుకుని పరుగెత్తుతున్న చప్పుడు. తర్వాత గుంతలోకి వంగి పిలవడం వినిపించింది. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఫోన్ చెవికి నొక్కుకుని వింటూనే ఉన్నాను. అతను పిలుస్తూనే ఉన్నాడు, కింద నుంచి ఎవరూ పలకడం లేదు.