ఉప్పు పొట్లం

ఇంకాస్త నానాలి, ఈ రొట్టె రొట్టె కాదు రాయి, చలికాలం మొదట్లో కాల్చినది మార్చికి గొడ్డలికైనా లొంగదు, అయినా పై పెచ్చు వలిచి లోపలి మెత్తటి ముక్కలే చారులో వేస్తోంది ఫిలిబెర్త్, కొడుకు అంబ్రువాజ్‌కి ముందు పళ్ళు లేవు, పెచ్చు కొరకలేడు, వాడు కొరకలేకపోవడమే ఆమె ధైర్యం, బయట మళ్ళీ ఆ డప్పు, పొద్దుట్నుంచి ఆగడం లేదు, నిరుడు దీవికి వెళ్ళగొట్టిన చక్రవర్తి తప్పించుకొచ్చాడట, రేపో మాపో ఈ దారినే గ్రెనోబుల్ వెళ్తాడట, పొరుగింటి మాతురిన్ గడపలో నిలబడి నవ్వాడు, మీ రాజుగారు మూటాముల్లె సర్దుకుంటున్నాడట వదినా, దణ్ణం పెట్టుకోడానికి ఇంకెవర్నైనా చూసుకో, ఆమె ఇంకో ముక్క చారులో వేసింది, ఏ రాజైతేనేం, పిల్లల్ని సైన్యానికి లాక్కుపోనన్నాడు, ఏడాదిగా మాట మీద ఉన్నాడు, అది చాలదూ, నిరుడు మేయరు పెళ్ళాం తన దుప్పటి చింపి రాజుగారి తెల్లజెండా కట్టింది, ఇవాళ దాన్నే దించి చక్రవర్తి మూడురంగుల జెండాకి నీలిరంగు కోసం వాకబు చేస్తోందట, ఆ దుప్పటిపాటి గుడ్డయినా కప్పారో లేదో చక్రవర్తి సైన్యంతో పోయి రష్యా మంచులో ఉండిపోయిన పెద్దాడు గాస్పార్ మీద

అందుకే కదా రెండేళ్ళ కింద చిన్నాణ్ణి సంతలో పళ్ళు పీకేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది, తూటా, మందు చుట్టిన కాయితాన్ని ముందు పళ్ళతో కొరికి చింపలేనివాణ్ణి సైన్యం తీసుకోదు, నోరు తెరువు నాన్నా అంటే తెరిచాడు, దారంతా రుమాల్లోకి రక్తం ఉమ్మాడు, వరసలో నిలబెట్టి చూసిన అధికారి పగలబడి నవ్వి, ఈ ముసలి గుర్రాన్ని ఇంటికి తోలుకుపో తల్లీ అన్నాడు, ఆమె కూడా నవ్వింది, ఎంత నవ్విందని, అప్పట్నుంచి వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు, పని కాగానే అటక మీదికి పోతాడు, ఆ అటక నిండా ఎలుకలు, చలికాలమంతా చిరిగిన కాయితం ముక్కలే, పిల్లిని తెచ్చి వదిలింది, దానికి ఒక్క ఎలుకా దొరకలేదు, రారా, చారు చల్లారిపోతోంది

దిగాడు, అన్న కోటు తొడుక్కున్నాడు, భుజాలు సరిపోయాయి, ఎప్పుడు సరిపోయాయి, ఆ సైన్యంవాళ్ళు నిన్ను తిప్పి పంపేస్తార్రా, నీకు పళ్ళేవి, అనేసి నాలుక కరుచుకుంది, వాడు గూట్లోంచి ఉప్పు పొట్లం తీసి నోటి పక్కగా పెట్టుకున్నాడు, కోరపన్నుతో ఒక్క లాగు, చిరిగింది, ఒక్క గల్లైనా కింద పడలేదు, ఉప్పు చారులో పోసి కాయితం ఆమె ముందుంచాడు, అంచు రంపంలా ఉంది, అటక మీది ముక్కల్లాగే, అయితే ఎలుకలు కావు, వీడే కొరికి కొరికి నేర్చుకున్నాడు, చలికాలమంతా, రాజు కుర్చీ కదలకముందే, చక్రవర్తి ఊసైనా లేనప్పుడే, వీడు ఏ చక్రవర్తి కోసమూ పోవడం లేదు, ఆ రోజు అధికారితో కలిసి తను నవ్విన నవ్వులోంచి బయటికి పోతున్నాడు, చారుగిన్నె నిండుగా అలాగే ఉంది, వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆమెను ఒకసారి చూసి గడప దాటాడు.