రెండో బుట్ట

భీమవరంలో డాక్టరుగారు అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పలేకపోయాను. అదేమంత కష్టమైన ప్రశ్న కాదు.

"మీ ఆవిడగారు మధ్యాహ్నం ఎన్నింటికి భోంచేస్తారండీ?" అన్నాడాయన.

"మధ్యాహ్నమేనండి," అన్నాను.

"అదేనండీ, ఎన్నింటికి? ఏం తింటారు?"

నేను సుభద్ర వైపు చూశాను. చేతికి సెలైన్ సూదితో మంచం మీద పడుకుని, అదేదో తనకి సంబంధం లేని వ్యవహారంలా పైన ఫ్యాను వైపు చూస్తోంది. ఆ రోజు మా ఇంటికి రొయ్యలు కొనే కంపెనీ వాళ్లు ఎనిమిది మంది వచ్చారు. మూడింటిదాకా వాళ్లకి వడ్డించి, గిన్నెలు సర్దుతూ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. కడుపు ఖాళీ, ఒంట్లో రక్తం తక్కువ, అంతకు మించి ఏమీ లేదన్నారు డాక్టరుగారు. వేళకి తింటే చాలన్నారు. ఆ 'అంతకు మించి ఏమీ లేదు' అన్న మాటే నాకు మింగుడుపడలేదు.

నాకు ఏడు చెరువులున్నాయి. ఏ చెరువుకి ఎన్ని గంటలకి మేత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మేత చల్లాక కొంచెం ట్రేలో కూడా వేసి నీళ్లలోకి దింపుతాం. దాన్నే చెక్ ట్రే అంటారు. రెండు గంటలాగి దాన్ని పైకి లాగి, రొయ్య మేత తిందా, మిగిల్చిందా అని నా కళ్లతో చూస్తే గాని నాకు తోచదు. ఒక్క ట్రేలో చారెడు మేత మిగిలినా గట్టు మీద పనివాళ్లందరినీ నిలబెట్టి కేకలేస్తాను. అలాంటి ఈ రామరాజుకి పెళ్లయిన ఇరవయ్యేడేళ్లకి కూడా పెళ్లాం ఎప్పుడు తింటుందో తెలీదు. ఆ మాటకొస్తే సుభద్ర అన్నం తింటుండగా నేను ఒక్కసారీ చూడలేదు.

మా ఇళ్లలో అది వింతేమీ కాదు. మగాళ్లు తింటారు, ఆడవాళ్లు వడ్డిస్తారు, అందరిదీ అయ్యాక వంటింట్లో తలుపు చాటున ఇంత తింటారు. మా అమ్మా అంతే, మా నాయనమ్మా అంతే. వాళ్లు తింటుంటే మాత్రం నేను చూశానా?

మర్నాడు ఇంటికి రాగానే, "ఇకనించి నాతో కూర్చుని తిను," అన్నాను. కాదనలేదు, కూర్చుంది. కూర్చున్నట్టే కూర్చుని నెయ్యి కోసం లేచింది. అప్పడాల కోసం లేచింది. పెరుగు కోసం లేచింది. చివరికి, "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాలెండి," అని కంచం లోపలికి పట్టుకుపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలీక, పప్పులో ఉప్పు లేదన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

మా అమ్మాయి గీతిక కాకినాడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. సాయంత్రం చెరువు గట్టు మీదనించి దానికి సెల్‌లో ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను.

"ఏదైనా హోటల్‌కి తీసుకెళ్లండి నాన్నగారూ," అంది.

"హోటల్లో మాత్రం? తన కూర గిన్నె నా వైపు తోస్తుంది. తోసి, నేను తిన్నానో లేదో చూస్తూ కూర్చుంటుంది."

"అయితే ఆదివారం ఇద్దరూ ఇక్కడికి రండి. ఒక చైనీస్ హోటలుంది. అక్కడ సూప్ డంప్లింగ్స్ అని చేస్తారు, మన కుడుముల్లాంటివి. లోపల సూప్ ఉంటుంది. ఎవరివి వాళ్లు వేడివేడిగా తినేయాలి. చల్లారితే పనికిరావు. తర్వాత తింటానంటే కుదరదు."

"కుడుము చేతికిస్తే పండగ అనేవాడిలా కనిపిస్తున్నానా నీకు?"

"పండగ మీక్కాదండీ, అమ్మకి."

ఆ మాటతో నేను మెత్తబడ్డాను. సుభద్రకి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. అమ్మాయిని చూసొద్దాం పద అన్నాను. కారులో సిద్ధాంతం వంతెన దాటుతుంటే, "ఎండుచేపలు తేవడం మర్చిపోయానండీ, పిల్లకి ఇష్టం," అని నొచ్చుకుంది. తనకేది ఇష్టమో అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లకి అడిగితే నవ్వుతుందేమోనని ఊరుకున్నాను.

హోటల్ పేరు రెడ్ లాంతర్. ఆదివారం మధ్యాహ్నం కావడంతో బయట మెట్ల మీద దాకా జనం. పేరు రాయించుకుని ముప్పావుగంట నిలబడ్డాం. డబ్బిచ్చి తినడానికి కూడా క్యూ ఏంటని నేను విసుక్కుంటుంటే, గీతిక నా చెయ్యి పట్టుకుని, "ఊరంతా ఇక్కడికే వస్తుందండి, కాస్త ఓపిక పట్టండి," అంది. పెద్ద వంటాయన కలకత్తా నుంచి వచ్చాడట. లోపలికి వెళ్లి కూర్చోగానే తినడానికని మా ముందు తలో రెండు పుల్లలు పెట్టారు. వాటిని నేను పక్కకి నెట్టేశాను.

వెదురు బుట్ట వచ్చింది. మూత తీస్తే గుప్పున ఆవిరి. లోపల తెల్లగా, పల్చగా, నెత్తిన మడతలు పెట్టిన ఎనిమిది కుడుములు. పైన తోలు ఎంత పల్చనో, లోపల సూప్ కదలడం కనిపిస్తోంది.

"ఈ సూప్ లోపలికెలా వెళ్లిందే?" అన్నాను. "సిరంజీతో ఎక్కిస్తారా?"

గీతిక చెప్పబోయేలోగా సుభద్ర అందుకుంది. "సిరంజీ ఎందుకండీ. చేపల పులుసు మర్నాటికి గడ్డకట్టి ఉంటుంది చూడండి, అలా గడ్డకట్టిన సూప్ ముక్కని లోపల పెట్టి మడిచేసి ఉంటారు. ఆవిరికి అదే కరిగి ఉంటుంది."

"కరెక్టమ్మా! నీకెలా తెలిసింది?" అంది గీతిక.

సుభద్ర సిగ్గుపడి నవ్వింది. నేను మాత్రం ఆ పులుసు దగ్గరే ఆగిపోయాను. చేపల పులుసు మర్నాడే రుచి అని పదిమందిలో చెప్పేవాణ్ణి నేనే. అది గడ్డకడుతుందని మాత్రం నాకు తెలీదు. నా కంచంలోకి ఎప్పుడూ వెచ్చబెట్టే వచ్చింది మరి. గడ్డకట్టిన పులుసు తిన్నదెవరో అడగక్కర్లేదు.

ఆ ఆలోచనలోనే ఒక కుడుము తీసి మొత్తంగా నోట్లో వేసుకున్నాను. అమ్మాయి "నాన్నగారూ, వద్దు!" అంటూనే ఉంది. నాలుక కాలింది, సూప్ గడ్డం మీదనించి తెల్లచొక్కా మీదకి కారింది. పక్క టేబుల్ వాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. సుభద్ర నీళ్ల గ్లాసు అందించింది. రుమాలు తడిపి నా చొక్కా తుడిచింది. తర్వాత ఒక కుడుము చెంచాలో పెట్టి, కొసన చిన్న గాటు పెట్టి, ఆవిరి పోయేదాకా ఊది నా చేతికిచ్చింది. అమోఘంగా ఉంది, అబద్ధం ఎందుకు. ఇంకోటి ఇచ్చింది. అమ్మాయి ప్లేటులో రెండు వేసింది. మళ్లీ నాకు ఇంకోటి, ఆ పైన ఇంకోటి. వచ్చిన పని మర్చిపోయి నేను లొట్టలేసుకుంటూ తింటున్నాను.

తల ఎత్తి చూసేసరికి బుట్టలో ఒక్కటే మిగిలింది. అది అడుగున అంటుకుపోయింది. సుభద్ర దాన్ని ఊడదీస్తే తోలు చిరిగి, ఉన్న కాస్త సూప్ కారిపోయింది. చల్లారి పీలికలైన ఆ కుడుముని నోట్లో వేసుకుని, "బాగున్నాయండీ," అంది.

ఆవిడ అబద్ధమాడలేదు. బాగుందనే అనుకుంది. ఇరవయ్యేడేళ్లుగా నా ఇంట్లో చివరిది, చల్లారినది, అడుగంటినది తిని బాగుందనే అనుకుని ఉంటుంది. నాకు ఏడుపొస్తే కోపంగా బయటికొస్తుంది, అది నా జబ్బు.

"ఇంకో బుట్ట తీసుకురావయ్యా!" అని అరిచాను. హాలంతా మా వైపు తిరిగింది.

బుట్ట రాగానే దాన్ని సుభద్ర ముందుకి నెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. "ఈ బుట్టంతా నీది. నువ్వు తినేదాకా నేను మంచినీళ్లు కూడా ముట్టను."

"నలుగురూ చూస్తున్నారండీ..."

"చూడనీ."

"మీకు నచ్చాయి కదా, మీరు..."

"సుభద్రా, నువ్వు అన్నం తింటుంటే నేనెప్పుడూ చూడలేదు. డాక్టరు ముందు బుర్ర దించుకున్నాను. ఇవాళ చూసి గాని లేవను."

గీతిక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను చెంచా తీసుకుని ఒక కుడుము ఎత్తబోయాను. నా మొరటు చేతిలో అది ఠపీమని చిరిగింది. దాన్ని నా ప్లేటులో పడేసుకుని రెండోది ఎత్తాను. ఈసారి ఊపిరి బిగబట్టి, చిరక్కుండా ఆవిడ ప్లేటులో దింపాను. జీవితంలో నేను వడ్డించిన మొదటి పదార్థం అదే.

సుభద్ర దాన్ని చెంచాతో పైకెత్తింది. కాకినాడ గొట్టం కాజా తిన్నట్టే, కొసన చిన్నగా కొరికి, లోపలిదంతా పీల్చి, అప్పుడు నోట్లో వేసుకుంది. ఒక్క చుక్క కిందపడలేదు. నాకు ముచ్చటేసింది. ఇంకోటి వేశాను, ఇంకోటి వేశాను. నాలుగోది వేస్తుండగా గమనించాను, ఆవిడ చాలా తొందరగా తింటోంది. నోట్లోది నలక్కుండానే మింగుతోంది. ఆకలి తొందర కాదది. కళ్లు ఒకటికి రెండుసార్లు వంటింటి వైపు తలుపు మీదకీ, నా మొహం మీదకీ పోతున్నాయి.

"ఎందుకంత తొందర? కాలుతుంది," అన్నాను.

"తొందరేం లేదండీ, అలవాటు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎవరో ఒకరు పిలుస్తారు కదా," అంది మామూలుగా.

ఎవరో ఒకరు ఎవరు? మా అమ్మ పోయి పదేళ్లయింది. అమ్మాయి హాస్టల్లో ఉంది. మధ్యాహ్నం భోంచేసి వసారాలో నడుం వాల్చి, సుభద్రా మంచినీళ్లు, సుభద్రా నా కళ్లజోడెక్కడ, సుభద్రా ఫోను మోగుతోంది అని అరిచేది నేనే.

"మెల్లగా తిను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇక్కడెవరూ పిలవరు."

సుభద్ర నా వైపు చూసింది. తర్వాత ఐదోది నిదానంగా తింది. ఆరోది తింటూ కళ్లు మూసుకుంది. ఇష్టమైనది తింటే ఆవిడ కళ్లు మూసుకుంటుందని నాకు ఆ రోజు తెలిసింది. ఏడోది నా చెంచాలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అదీ ఆవిడే తింది.

మర్నాడు ఇంట్లో మధ్యాహ్నం నేను బల్ల దగ్గర కూర్చోలేదు. వంటింట్లోనే రెండు పీటలు వాల్చి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాను. లేవాల్సిన పనేం లేదు కాబట్టి ఆవిడా కూర్చుంది. నేను మాటిమాటికీ ఆవిడ కంచంలోకి తొంగిచూస్తున్నాను.

"ఏంటండీ, చెక్ ట్రే చూస్తున్నారా?" అంది.

"చూస్తాను. మిగిలిస్తే కేకలేస్తాను."

"మరీ అలా చూడకండి, దిష్టి తగులుతుంది," అని నవ్వి, ముద్ద నోట్లో పెట్టుకుంది. పచ్చిమిరపకాయ తగిలిందేమో, ఉక్కిరిబిక్కిరయి చుట్టూ చూసింది. లేవబోయింది. మళ్లీ ఆగి, కూర్చునే, నా వైపు తిరిగింది.

"ఏమండీ... కాస్త మంచినీళ్లు."

నా ముద్ద అప్పటికే నోటిదాకా వచ్చింది. దాన్ని కంచంలో పెట్టేసి లేచాను. మా ఇంట్లో గ్లాసులు ఎక్కడుంటాయో తెలుసుకోవడానికి నాకు కాసేపు పట్టింది.