కుడివైపు మాటలు

నేను ఒక డిక్షనరీని. అందులోనూ సగం డిక్షనరీనండి. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు దానికి ఇండోనేషియా మాట. ఇంగ్లీషు తెలిస్తే ఇండోనేషియా మాట ఇట్టే దొరుకుతుంది. ఇండోనేషియా మాట పట్టుకుని అర్థం కావాలంటే మాత్రం మొదటి పేజీ నుంచి ఒక్కో వరసా గాలించుకుంటూ రావాల్సిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా గొడవంతా ఇక్కడే ఉంది.

మరి తెలుగెలా వచ్చిందంటారా? రాజోలు దగ్గర ఒక ఇంట్లో, బట్టల పెట్టెలో ఏళ్ళతరబడి పడుంటే మీకైనా వచ్చేస్తుంది.

పుట్టింది జావాలో ఒక ఇరుకు ప్రెస్సులో. కువైట్ ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళకి ఏజెంటు తలా ఒకటి చేతిలో పెట్టాడు. పోయేది అరబ్బీ మాట్లాడే ఇళ్ళకి, ఇచ్చింది ఇంగ్లీషు డిక్షనరీ. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఏడుస్తాయి. నన్ను అందుకున్న వార్సినికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రెండు నెలలు దిండు కింద పెట్టుకుని పడుకుంది, అంతే.

కువైట్‌లో ఆమె పనిచేసే ఇంట్లోకే దయామణి కూడా పనికొచ్చాక నా బతుకు మారింది. కోనసీమ మనిషి, పదో తరగతి దాకా చదువుకుంది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. ఇద్దరికీ వచ్చిన అరబ్బీ ముక్కలు మేడమ్ పురమాయింపులకే సరిపోయేవి. కష్టసుఖాలు చెప్పుకోవడానికి నేనే దిక్కు. దయామణి ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టేది, పక్కనున్న తన మాట వార్సిని చదువుకునేది. వార్సిని జవాబు చెప్పాలంటే కుడివైపంతా వెతుక్కోవాలి. మాట దొరికేసరికి కుక్కర్ చల్లారిపోయేది.

బాగా నలిగింది 'టేక్' ఉన్న పేజీ. పొట్టి మాటే గానీ దాని సంసారం పెద్దది. చెప్పులు విప్పాలన్నా టేకే, చెత్త పారబోయాలన్నా టేకే, స్నానం చెయ్యాలన్నా, మందు వేసుకోవాలన్నా, ఫొటో తియ్యాలన్నా టేకే. కుడివైపు ఒక్కోదానికీ ఒక్కో మాట. మందుని వార్సిని వాళ్ళు తాగుతారట. పనికి టైము పట్టడాన్ని టైము తినడం అంటారట. వార్సిని నోట్లో ముద్ద పెట్టుకుంటున్నట్టు చేసి చూపిస్తే, "మాకూ అంతేనే, టైము తినేస్తాది" అని దయామణి తెలుగులోనే నవ్వింది. ముక్క అర్థం కాకపోయినా వార్సినీ నవ్వింది.

ఆ ఇంటివాళ్ళు తాగేది కాఫీ. టీ డబ్బా వీళ్ళిద్దరిదే. నాలుగింటికి వంటగట్టు దగ్గర చెరో గ్లాసు. "తేహ్" అని పిలిచేది వార్సిని. దయామణికి బాగా పట్టుబడిన కుడివైపు మాట అదొక్కటే. బ్లీచింగు నీళ్ళకి దయామణి చేతులు పగిలి రక్తం వచ్చేది. గ్లాసు అందిస్తూ వార్సిని ఆ చేతులకేసి చూసి నాలుక చప్పరించేది.

అలా ఉండగా ఒకరోజు మేడమ్ ఇద్దర్నీ నిలబెట్టింది. ఇంటి ఫోన్లోంచి పరాయి దేశానికి ఎవరు మాట్లాడారని. రెండుసార్లు వెళ్ళింది ఫోను. ఒకటి కూతురికి జ్వరమని వార్సిని చేసింది. రెండోది దయామణే చేసింది. దయామణి చెయ్యెత్తి వార్సినిని చూపించింది. మర్నాడే వార్సినిని ఇంటికి పంపించేశారు.

బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మొహం చూపించలేక దయామణి బాత్రూములో తలుపేసుకుంది. వార్సిని నన్ను వంటగట్టు మీద తెరిచి, చివరి ఖాళీ పేజీలో ఒక వరస రాసి, దయామణి మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆరు మాటలండి. దయామణి గుర్తుపట్టింది ఆఖరి మాటే, తేహ్. నీతో తాగిన టీ విషమైపోయిందని శపించి ఉంటుందనుకుంది. ఆ రోజు నుంచి టీ మానేసింది, ఆ డబ్బా ముట్టుకోలేదు. రెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉండి కూడా నన్ను తెరవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు లేదు.

ఊరొచ్చాక కొబ్బరిపీచు మిల్లులో చేరింది. అప్పుడు తీసింది నన్ను. ఫోన్లో చూసుకోవచ్చుగా అనకండి, అప్పట్లో ఆ ఊళ్ళో ఫోనంటే మాట్లాడుకునేదే. మధ్యాహ్నం అన్నాలయ్యాక పీచు కుప్ప పక్కన కూర్చుని, రోజుకో రెండు పేజీలు, కుడివైపు పైనుంచి కిందికి వేలుతో దిగేది. కొన్ని నెలలకి రెండో మాట దొరికింది, 'కోసం' అని. మూడోది దొరికిన రోజు నన్ను మూసేసింది. అది 'చెయ్యి'. వార్సినిని చూపించిన చెయ్యి. పడిపోవాలని రాసిందనుకుంది. మళ్ళీ నేను పెట్టెలోకి. ఎంత ఒంటరిగా అనిపించిందో చెప్పలేను. ఒక మంచి మాట కడుపులో పెట్టుకుని, ఎవరికీ అక్కర్లేకుండా పడుండటం కన్నా చెదలు తినేస్తే నయం.

రెండేళ్ళు గడిచాయి. దయామణి ఆడపడుచు సునీతి పెట్టె సర్దుతుంటే నేను బయటపడ్డాను.

"ఇదేంటొదినా, రోజూ చదివేదానివిగా, మూలేశావేం?"

"అందులో నన్ను తిట్టింది ఒకామె."

సునీతి చివరి పేజీ తెరిచి చాలాసేపు చూసింది. "తిట్టేవాళ్ళు ఇంత గుండ్రంగా రాస్తారా? అక్షరం అక్షరం నీకు తెలియాలని రాసినట్టుంది."

మర్నాడు దయామణి మిల్లుకి నన్ను తీసుకెళ్ళింది. నాలుగో మాట దొరికింది, 'లో' అని. వానాకాలం వెళ్ళాక మొదటి మాట. దాని ఎడమవైపున్నది కూడబలుక్కుని పైకే చదివింది, "ఆయింట్‌మెంట్." పీచు గీసుకుపోయిన చేతులకేసి ఒకసారి చూసుకుంది. చేతి కోసం ఆయింట్‌మెంటు. టీలో? టీలో ఆయింట్‌మెంటేంటి?

ఇంక రెండు పేజీలతో ఆగలేదు. 'టేక్' పేజీ దగ్గర కొంచెంసేపు వేలాపింది, ఇద్దరి వేళ్ళ మరకలూ ఇంకా ఉన్నాయి. అది దాటి మూడు పేజీలు తిప్పగానే ఐదో మాట కనబడింది. డబ్బా.

నీ చేతులకి ఆయింట్‌మెంటు టీ డబ్బాలో ఉంది.

రెండేళ్ళు ఆ డబ్బా పక్కనే వంట చేసిందండీ. పగిలిన చేతులతో.

"పిచ్చిదానా," అంది మెల్లిగా. ఎవర్నందో నాకూ తెలీదు. తర్వాత వెనక్కి తిప్పి, ఎడమవైపు 'సారీ' ఎక్కడుందో చూసుకుని, దాని కుడివైపు మాటని వార్సిని వరస కింద ఎక్కించింది. అక్షరాలు వంకర పోయాయి, వేళ్ళు సరిగ్గా మడవలేకపోయింది.

అదయ్యాక నాతో పనిలేదు, పెట్టెలో పెట్టేసింది. వార్సిని చిరునామా ఎవరి దగ్గరా లేదు. దయామణి రాసిన మాట ఆమె చదవాలి. ప్రస్తుతానికి నేనే చదువుకుంటున్నాను.