దొడ్డిలో ఇల్లు

నేలకు పేర్లు పెట్టడం వెంకటకృష్ణారావుకు వెన్నతో పెట్టిన విద్య. కాలవ కింద పండేది మాగాణి, కృష్ణ ఒడ్డున పసుపు వేసేది లంక, ఊళ్లో తాను ఉండేది మేడ, పొలంలో పనివాళ్ల మీద అజమాయిషీకి కట్టుకున్నది మకాం. భూమి సీలింగు చట్టం వచ్చిన ఏడాది, మెట్టయితే ఎక్కువ ఎకరాలు ఉంచుకోవచ్చని, సగం మాగాణిని మెట్ట అని రాయించాడు. ఆ మెట్టలో ఆ ఏడూ వరే పండింది.

చల్లపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ మకాం వెనక పశువుల దొడ్డి. దొడ్డి మూలన శౌరమ్మ గుడిసె. మొగుడు జక్కయ్య పాలేరుగా చేరిన కొత్తలో ఇద్దరూ మట్టి తొక్కి గోడలు పెట్టి, తాటాకు కప్పుకుని, గుమ్మం మీద సున్నంతో సిలువ గీసుకున్నారు. కూతురు మార్త పుట్టిందీ అందులోనే, జక్కయ్య పోయిందీ అందులోనే. అయినా దానికి ఇల్లన్న పేరు రాలేదు. కామందుకు అది దొడ్డి. కామందు ఎదుట శౌరమ్మకూ దొడ్డే. "మా ఇల్లు" అంటే పొగరనుకుంటారని జక్కయ్యే నేర్పాడు. నేర్పినవాడు పోయాడు, మాట మాత్రం మిగిలింది.

ఎమర్జెన్సీ రోజుల్లో ఇంకో చట్టం వచ్చింది. కూలివాళ్లు ఎవరి నేలలో ఇల్లు వేసుకుని ఉన్నా, ఆ ఇంటి జాగా వాళ్లకే పట్టా అవుతుందట. ఆఫీసరు విచారణకు వస్తున్నాడని తెలిసిన దగ్గర్నించీ మార్త తన తల్లి ప్రాణం తోడేసింది.

"దొడ్డి అన్నావంటే గేదెల కాపలా మనిషివని రాసుకుంటారమ్మా. మా ఇల్లు అను. ఏదీ, అను."

"మా ఇల్లు," అంది శౌరమ్మ పొయ్యి ఊదుతూ. తన తర్వాత మార్తకు నిలవ నీడ ఉంటుంది. ఆ ఆశ తియ్యగా ఉంది. పేడ ఎత్తుతూ అదే మాట, కుడితి కలుపుతూ అదే మాట. ఈపాటికి గేదెలకు కూడా వచ్చేసి ఉంటుంది.

ఆఫీసరు వెంట వెంకటకృష్ణారావు కూడా వచ్చాడు. బెదిరించలేదు సరికదా, నవ్వుతూ పలకరించాడు.

"ఏం శౌరమ్మా, నడుం నొప్పి తగ్గిందా?"

ఆ పలకరింపే కొంప ముంచింది. శౌరమ్మ కొంగు సర్దుకుని తల వంచింది. "తమ దయండి."

"ఎక్కడుంటున్నావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"అయ్యగారి దొడ్లోనండి."

అనేశాక గానీ తానేమందో ఆమెకు తెలిసిరాలేదు. మార్త ముందుకు ఉరికింది. "అలవాటుకొద్దీ అందండి! ఇది ఇల్లేనండి, మా నాన్న కట్టాడండి."

ఆఫీసరు మంచివాడే. "నువ్వాగమ్మా, ఆవిణ్ణి చెప్పనీ. శౌరమ్మా, ఇంకోసారి అడుగుతున్నాను. ఇది దొడ్డా, ఇల్లా?"

వెంకటకృష్ణారావు ఓ గేదె వీపు నిమురుతూ నిలబడ్డాడు. శౌరమ్మ కూతురి మొహం చూసింది, కామందు చెప్పులు చూసింది.

"ఇల్లేనండి."

మార్త ఊపిరి పీల్చుకుంది.

"ఎవరిల్లు?"

"అయ్యగారిదేనండి."

ఆ నాలుకను తిట్టిపోయాలని ఎవరికైనా ఉంటుంది. కానీ దాన్ని ఇన్నేళ్లూ అలా పెంచిందెవరు? ఆఫీసరు ఒక నిట్టూర్పు విడిచి, విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

"నేనేమన్నా కసాయివాణ్ణా అండీ?" అన్నాడు వెంకటకృష్ణారావు. "ముసల్ది బతికున్నన్నాళ్లూ ఉంటుంది. ఆ తర్వాత దూడల్ని కట్టుకుంటాను. వాటికీ చోటు చాలట్లేదు."

తల్లి ఉన్నన్నాళ్లే మార్తకు ఆ గుమ్మం.

శౌరమ్మ చేతులు వాటంతటవే లేచి జోడయ్యాయి. కూతురు చూస్తోందని ఆమెకు తెలుసు, సిగ్గుతో చచ్చిపోతోంది కూడా. అయినా కామందు దొడ్డి దాటి వెళ్లేదాకా ఆ దణ్ణం దించడం ఆమె చేతకాలేదు.