కాలు పట్టుకోండి

రత్నమాణిక్యం పాత పంచె ముక్కని కుండలో ముంచి, పిండి, నోస్ ప్లయర్ మూతికి చుట్టింది. ఎండ ఇంకా సందులోకి దిగలేదు. రాజమండ్రి ఎండ ముదిరాక ఈ పని పెట్టుకోకూడదు. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌కి వేడంటే పడదు. కాస్త ఎక్కువ తగిలిందా, అంతే సంగతులు.

"కాలు పట్టుకోండి," అంది మొగుడితో.

ఇడ్లీ పొట్లం తెచ్చిన పక్క కొట్టు దీనమ్మ గుమ్మంలోనే ఆగి నవ్వింది. "ఏంటండీ రత్నంగారూ, పొద్దున్నే ఆయనచేత కాళ్లు పట్టించేసుకుంటున్నారు?"

"పెళ్లిలో వాళ్ల నాన్న నా కాళ్లు కడిగాడు కదమ్మా," అన్నాడు తాతాజీ. "ఇదిగో, ఇలా వడ్డీతో సహా లాగుతోంది."

పట్టుకోవలసింది ట్రాన్సిస్టర్ కాలు. సీసం కరిగించి సోల్డర్ వేసేటప్పుడు ఒకరు ఆ కాలిని తడి ప్లయర్‌తో నొక్కి పట్టుకుంటే వేడి ప్లయర్‌లోకి పోతుంది, ట్రాన్సిస్టర్ బతుకుతుంది. పెళ్లయిన కొత్తలో పట్టుకునే పని ఆమెది, సోల్డర్ వేసే పని ఆయనది. మండపేట రైసుమిల్లులో నూకలు చెరిగిన చేతులవి, ఇట్టే అలవాటు పడ్డాయి. తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒకరోజు సోల్డరింగ్ ఐరన్ ఆమె ముందుకు జరిపి, తను ప్లయర్ తీసుకున్నాడు. బయట బోర్డు మీద మాత్రం ఇప్పటికీ 'తాతాజీ రేడియో సర్వీస్' అనే ఉంది. బోర్డు సంగతి ఆమెకెప్పుడూ పట్టలేదు.

నిజానికి కాలు పట్టుకోవడానికి మనిషే అక్కర్లేదు. పళ్లతో కరిచిపట్టే క్రొకడైల్ క్లిప్ తగిలించినా చాలు. కొట్లో క్లిప్పులు బోలెడు ఉండేవి. ఆయన చెయ్యి వణికిన ఏడాదే రత్నమాణిక్యం వాటన్నిటినీ బిస్కెట్ డబ్బాలో పోసి ఇంట్లో అటకెక్కించింది. క్లిప్పులుంటే ఈయనకి పనేముంటుంది? అప్పుడప్పుడు ఆయన, "క్లిప్పులు ఎక్కడైనా కనబడ్డాయా?" అని అడిగేవాడు. "ఎలకలు ఎత్తుకుపోయాయేమో" అనేది. ఇనప క్లిప్పుల్ని ఎలకలేం చేసుకుంటాయో ఆయన ఎన్నడూ అడగలేదు.

బల్ల మీద మూత విప్పి ఉన్నది సిగ్నల్ జనరేటర్. వాళ్ల పెళ్లికంటే పాతది. రేడియో స్టేషన్‌లా తనే ఒక కూత పుట్టిస్తుంది. ఆ కూతని బట్టి పాత రేడియోలని సరిచేస్తారు. అందులో వేరుశనగ గింజంత ట్రాన్సిస్టర్ ఒకటి చెడింది. ఏళ్లు గడిచేకొద్దీ దాని రేకు డొప్పలోపల వెంట్రుకలాంటి లోహపు పోగులు పెరిగి డొప్పకి తగులుకుంటాయి. తాతాజీ దాన్ని, "మీసం మొలిచింది" అంటాడు. నిరుడు డొప్పకి కలిపిన నాలుగో కాలు కత్తిరించి కొన్నాళ్లు నడిపించారు. ఇప్పుడు ఆ చిట్కా కూడా పారలేదు. అమృతాంజనం సీసాలో దాచినవాటిలో మీసం మొలవనిది ఒక్కటే మిగిలింది.

"ఇది మాడిందంటే కొట్టు కట్టేయడమే," అన్నాడు తాతాజీ. "మన చెవులు మునుపటిలా లేవు, ఈ మిషను కూడా పోతే ఇంక దేంతో చూస్తాం? పావని రమ్మంటోందిగా, పిఠాపురం పోయి కూతురింట్లో కూర్చోవాలి."

"కూర్చుంటే ఏమవుద్దండీ?"

"చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదే."

ఆమె పొట్లం విప్పి ఆయన ముందుకి జరిపింది. "ముందు ఇడ్లీ తినండి," అంది.

ఆయన చట్నీ పొట్లానికి ఉన్న రబ్బరు బ్యాండు విప్పి అలవాటుగా మణికట్టుకి వేసుకున్నాడు. ఒక్క ఇడ్లీ తిని పొట్లం మూసేశాడు.

"గుండెల్లో మంటగా ఉంది. దీనమ్మ అల్లం దంచి పోసేసింది."

"పోనీ రేపు చేద్దామా?"

"రేపటిదాకా ఎందుకు? ఎండెక్కకుండా కానిచ్చేద్దాం."

చెడిపోయినదాన్ని తీసేసి, సీసాలోది దాని చోట నిలబెట్టారు. రత్నమాణిక్యం భూతద్దం మీదకి వంగింది. మొదటి కాలు ఆయన పట్టుకున్నాడు, ఆమె సోల్డర్ వేసింది. "మార్చండి," అంది. రెండోది. మళ్లీ గుడ్డ తడిపారు. మూడోదానికి ప్లయర్ మూతి గడగడలాడింది. ఆమె ఊపిరి బిగబట్టి, వణుకు ఆగిన క్షణం చూసి ఐరన్ ఆనించింది.

"ఇంకొక్కటి. పట్టుకున్నారా?"

ప్లయర్ మూతి భూతద్దంలోంచి పక్కకి జరిగి, మళ్లీ వచ్చి ఆ కాలిని కరిచింది. చెయ్యి సర్దుకుంటున్నాడనుకుంది.

"పట్టుకున్నానే. నువ్వు కానియ్యి."

ప్లయర్ ఈసారి రవ్వంత కూడా కదల్లేదు. ఐరన్ ఆనించింది, సోల్డర్ కరిగి మెరిసి గట్టిపడింది. "ఇవాళ చెయ్యి భలే నిలకడగా ఉందండీ!" అంది, భూతద్దంలోంచి తల ఎత్తకుండానే. ఆయన నిలకడ చూసి ఆమెకి పట్టరాని సంతోషమైంది.

స్విచ్ వేసింది. పక్కనున్న రేడియో ముల్లు మెల్లగా తిప్పింది. గరగరల్లోంచి సన్నటి కూత లేచి, సూటిగా నిలబడింది.

"విన్నారా? బతికింది! ఇంక వదలండి, అయిపోయింది."

ఆయన వదల్లేదు.

"వదలమంటే వినరేంటి," అని తల ఎత్తింది. తాతాజీ వెనక బీరువాకి తల ఆన్చి ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. మణికట్టు మీద రబ్బరు బ్యాండు లేదు.

అది ప్లయర్ పిడులకి రెండు చుట్లు బిగించి ఉంది.

ఆమె పిలిచింది, బుగ్గలు తట్టింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. బ్యాండుతో కూడా పని జరుగుతుందని ఈయనకి ఎప్పటినుంచో తెలుసన్నమాట. తెలిసే, వాటిని ఇంకా దాచే ఉంచిందో లేదో చూడ్డానికి క్లిప్పులు అడిగేవాడు. లేవనగానే కుదుటపడి ప్లయర్ అందుకునేవాడు. ఇన్నేళ్లూ తనే దాచిపెట్టానని మురిసిపోయింది పిచ్చిది.

రత్నమాణిక్యం కింద కూలబడి ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకుంది. వేడి ఇంకా పోలేదు. ఏడుపు విని దీనమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. తర్వాత సందంతా వచ్చింది. ఎవరో రేడియో కట్టేశారు.

బల్ల మీద పంచె ముక్క ఆరిపోయింది. రబ్బరు బ్యాండు బిగించిన నోస్ ప్లయర్ మాత్రం ఆ నాలుగో కాలిని పట్టుకునే ఉంది.